గద్దీగల మేడం

మేడం పోయారన్న వార్త మా పాత స్టాఫ్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసరికి నేను కరీంనగర్‌లో మా డాబా మీద మామిడి ఒరుగులు ఆరబెడుతున్నాను. పొద్దున చాయ్ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే పోయారట. చూస్తుండగానే గ్రూపంతా చేతులు జోడించిన బొమ్మలతో నిండిపోయింది. కాసేపటికి ఎవరో, శ్రద్ధాంజలి పెట్టడానికి ఆమె ఫోటో ఒకటి కావాలన్నారు. అందరం ఫోన్లు వెతికాం. దొరికినవన్నీ గ్రూపు ఫోటోలే. జెండా పండుగలు, వీడ్కోలు సభలు, బతుకమ్మ ఆటలు. ప్రతిదాంట్లోనూ మేమంతా కెమెరాను చూసి నవ్వుతుంటే ఆమె ఒక్కరే ఎటో పక్కకు చూస్తున్నారు. ఒకదాంట్లో జెండా కర్ర మొదలు వైపు. ఇంకోదాంట్లో బల్ల మీద పరిచిన గుడ్డ అంచు వైపు. చివరికి ఒక పక్కముఖాన్నే కత్తిరించి, చుట్టూ బంతిపూల దండ అతికించి పెట్టారు. మిగతావాళ్ళు అయ్యో అనుకున్నారు గానీ, నాకు మాత్రం అది సరిగ్గా ఆమె ఫోటోయే అనిపించింది.

నేను ఆమెను మొదట చూసింది చెన్నూరు వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో. కొత్తగా ఉద్యోగం వచ్చి, చేతిలో సంచితో గేటు దాటి లోపలికి నడుస్తున్నాను. మాడు పగిలే ఎండ. మైదానం నడిమధ్యలో ఒకావిడ గొంతుకూర్చుని ఉంది. పక్కన గొడుగు ఉంది, కానీ మూసి నేల మీద పెట్టి ఉంది. కళ్ళు తిరిగి కూలబడిందేమోనని దగ్గరికి పోయాను.

"ఆగు. అడుగు ముందుకెయ్యకు," అంది తల తిప్పకుండానే.

సంచి పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఎంతసేపటికో ఆమె ముందున్న ఎండుపుల్ల మీది నుంచి ఏదో చిన్నది జుయ్యిమని ఎగిరిపోయింది. ఆవిడ మోకాళ్ళ మీద చేతులానించి లేచి, చీర కుచ్చెళ్ళు దులుపుకుని, నన్ను అప్పుడు చూసింది.

"ఎవలు నువ్వు?"

"కొత్తగా వచ్చిన తెలుగు లెక్చరర్నండీ."

"మంచిది తెలుగూ. నేను జువాలజీ. దాన్ని తెలుగుల ఏమంటరో చెప్పు మరి."

దేన్ని అని నేను అడిగేలోపే అది తిరిగి వచ్చి అదే పుల్ల మీద వాలింది. ఆమె నేల మీది నుంచి చిన్న మట్టిపెళ్ళ తీసి దాని తల మీదుగా విసిరారు. ఈగ లాంటి ఆ ప్రాణి రివ్వున లేచి మట్టిపెళ్ళ వెంట పడింది. తిండి కాదని తెలిసి, నడి గాలిలోనే వెనక్కి తిరిగి మళ్ళీ పుల్ల మీద కూర్చుంది. "మోసం జేసినందుకు కోపమొచ్చింది చూడు," అన్నారు. నాకు దాని కోపం కనబడలేదు. ఆమె సంతోషం కనబడింది.

ఆ రోజు నుంచి నేను ఆమెకు తెలుగునే. నా పేరు ఆమెకు తెలుసోలేదో ఇప్పటికీ అనుమానమే.

మరునాడు నేను 'రాబర్ ఫ్లై' అన్న దాని ఇంగ్లీషు పేరుకు మాటకు మాటగా 'దొంగ ఈగ' అని తెలుగు చేసి తీసుకుపోయాను. ఆమె అన్నం డబ్బా మూత తీస్తున్నవారల్లా ఆపేశారు.

"దొంగ ఎట్లయితదే? దొంగ చాటుకు వస్తడు, చీకట్ల వస్తడు. ఇది ఎర్రటి ఎండల, అందరి ముందట కూసోని పట్టుకుంటది. గద్ద ఏం జేస్తది? కొమ్మ మీద కూసుంటది, చూస్తది, ఎగిరి పడుతది, మల్ల అదే కొమ్మ మీదికొస్తది. ఇదీ గంతే."

"అయితే గద్ద ఈగ. గద్దీగ. సంధి కూడా కుదిరింది మేడం."

"కుదిరిందా? గట్లయితే ఖాయం జేస్కో," అని జొన్నరొట్టె ముక్క ఒకటి నా డబ్బాలో వేశారు.

అప్పటి నుంచి పిల్లలు ఆమెను గద్దీగల మేడం అనేవారు. ఆమెకు ఆ సంగతి తెలుసు. ఒకసారి బోర్డు మీద ఎవరో మీసాల ఈగ బొమ్మ గీసి కింద 'మేడం' అని రాస్తే, ఆమె తుడవకుండా కాళ్ళు సరిదిద్దారు. "ఆరు కాళ్ళు ఛాతీకే ఉంటయి. నువ్వు రెండు కాళ్ళు పొట్టకు వెట్టినవ్," అని.

నిజానికి ఆ ఈగకు మీసాలుంటాయి. కళ్ళ కింద గుబురుగా, ముసలి పటేలు మీసాల్లాగా. పెనుగులాడే పురుగు కాళ్ళు కళ్ళకు తగలకుండా ఆ మీసాలు కాపాడతాయట. రెండు పెద్ద కళ్ళ మధ్య నడినెత్తి లోపలికి గుంటపడి ఉంటుంది. కాళ్ళనిండా ముళ్ళు. ఇవన్నీ ఆమె నాకు భూతద్దం పెట్టి చూపించినవే. నాకు ఈగలంటే ఇష్టం లేదు. ఆమె చూపించేటప్పుడు ఆమె ముఖం చూడటం ఇష్టం. అందుకని ఎప్పుడు పిలిచినా పోయేదాన్ని.

గొడుగు ఎందుకు మోస్తారో కొన్నాళ్ళకు తెలిసింది. గొడుగు లోపల పురుగులు పట్టే వల మడిచి ఉండేది. బస్సులో వల పట్టుకుని ఎక్కితే చేపలు పట్టేటామె అనుకుని అందరూ ధర అడుగుతున్నారట. వానొచ్చిన రోజున ఆ గొడుగు తెరిచేవారు కాదు, వల తడుస్తుందని. తను తడిసేవారు.

ఎండంటే అంత ఇష్టమేమిటని ఒకసారి అడిగాను. ఆ పూట మాటలాడే ధోరణిలో ఉన్నారు.

"మా బాపు బొగ్గుబాయిల దిగేటోడు. చీకటితోనే పోవుడు, చీకటితోనే వచ్చుడు. సెలవు దొరికిన నాడు ఇంట్ల ఉండకపోయేటోడు. క్వార్టర్ ముందట నులక మంచం ఏస్కొని ఎండల కూసునేటోడు. పక్కకు నన్ను కూసోబెట్టుకునేటోడు. ఏం మాట్లాడకపోతుండె. ఊకనే ఎండల కూసునుడు. గప్పుడు చూసిన గద్దీగను మొదటిసారి. మంచం కోడు మీద కూసోని పెద్ద చీమను తింటుండె. నేను మా బాపును చూస్తున్న, బాపు దాన్ని చూస్తుండు."

అంతకంటే తన గురించి ఆమె ఎప్పుడూ చెప్పలేదు. పెళ్ళెందుకు చేసుకోలేదని మా కామర్స్ సారు ఒకసారి అడిగితే, "నాది పక్కకువెట్టు, నేనొక పెండ్లి సంబంధం చూస్తున్న, మగపిల్లగాడు దొరుకుతలేడు," అన్నారు. ఆయన నిజమనుకుని ఎవరికి, ఏ ఊరు అని ఆరా తీశాడు. ఆమె తన బీరువా తెరిచి చిన్న చెక్కపెట్టె చూపించారు. అందులో సూదికి గుచ్చిన గద్దీగ ఒకటి. నల్లని ఒళ్ళు, ఇటుకరంగు తొడలు, రెక్కల చివర పొగచూరినట్టు మసక.

అది ఆమె చదువుకునే రోజుల్లో, మంథనిలో చుట్టాలింటికి పోయినప్పుడు గోదావరి ఒడ్డున దొరికిందట. ఆడది. ఈ జాతుల్లో మగదాని తోక చివర చూస్తేగానీ ఏది ఏదో ఖాయంగా చెప్పలేరట. అప్పటి నుంచి ఆమె మగదాని కోసం వెతుకుతున్నారు. మళ్ళీ ఆడది కూడా కనిపించలేదు. ఆమె దాన్ని మంథని పిల్ల అనేవారు. ఇది ఎక్కడా ఎవరూ చూడని కొత్త జాతి అయి ఉంటుందని, దొరికితే మన మేడం పేరే పెడతారని స్టాఫ్ రూములో ఒక పుకారు ఉండేది. పుట్టించింది ఆమె కాదు. మేమే.

ఇక పోశం సంగతి.

వానలు వెనకబట్టి, పత్తి పూత మీదున్న రోజులవి. ఒక మధ్యాహ్నం ఒకాయన ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని కాలేజీకి వచ్చాడు. ఆయనది గోదావరి ఒడ్డున ఒక పల్లె. చాలా ఏళ్ళు దుబాయిలో పనిచేసి, ఇక పోనని తిరిగివచ్చి, బీర, కాకర పందిళ్ళు వేసి, వాటి పక్కన తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నాడు. పేరు పోశం. డబ్బా మూత తీస్తే అందులో తేనెటీగల గుల్లలు. లోపల ఏమీ లేని వట్టి పొట్టు.

"మేడం, నా ఈగలను ఏదో పురుగు ఎత్కపోతుంది. నడి గాలిల పట్కపోతుంది. పెట్టెలు ఖాళీ అయితున్నయ్. మస్తు పరేషాన్ల ఉన్న. ఏం మందు కొట్టాల్నో చెప్పున్రి."

"మందు కొడితె నీ ఈగలు బతుకుతయా తమ్మీ?"

"పొద్దుమీకినంక పెట్టెలు మూసి కొడుత. గట్టు మీది గడ్డి గూడ తగలవెడుత. రేపే చేద్దామనుకుంటున్న."

మేడం గుల్ల ఒకదాన్ని అరచేతిలో వేసుకుని, మెడ దగ్గర సూదిపోటంత రంధ్రాన్ని భూతద్దంలో చూశారు. "రేపు వద్దు. రేపు నేనొస్త. నేను చూసినంక నీ ఇష్టం," అన్నారు. ఆయన పోయాక నా వైపు తిరిగి, "తెలుగూ, రేపు నీకు తరగతులున్నయా?" అన్నారు. ఉన్నాయంటే మార్పించేవారు. లేవన్నాను.

మేము బస్సు దిగి నడిచి పోయేసరికి పోశం భార్య సరోజన పందిరి కింద బీరకాయలు కోస్తోంది. మందు కొట్టే పంపు పందిరి గుంజకు ఆనించి సిద్ధంగా ఉంది. పక్కన గట్టు మీద నడుమెత్తు గడ్డి. మేడం పెట్టెల వైపు పోతుంటే సరోజన నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, మేడంకు జర మంచిగ చెప్పు. గీ ఈగలు దక్కకుంటె ఈయన మల్ల దుబాయి పోతనంటుండు. వీసాకు మనిషితోని మాట్లాడిండు గూడ. పిల్లలు ఇప్పుడిప్పుడే బాపు దగ్గరికి చేరుతున్నరు. మొన్నటిదాక ఫోన్ల బొమ్మను చూసి బాపు అన్నోళ్ళు."

ఊఁ అన్నాను. ఇంతలో మేడం వెనక్కి చెయ్యి చాపి నన్ను రమ్మని వేళ్ళతో సైగ చేశారు. దగ్గరికి పోగానే నా మణికట్టు పట్టుకున్నారు.

"అదేనే," అన్నారు లోగొంతుకతో. "మంథని పిల్ల."

పెట్టెల చుట్టూ పోశం ఎండు వెదురు కట్టెలు పాతాడు. ఒక కట్టె కొన మీద నల్లని ఒళ్ళు, ఇటుకరంగు తొడలు. పక్క కట్టె మీద ఇంకొకటి. దాని పక్క కట్టె మీద ఇంకొకటి. ఎండలో మీసాలు తెల్లగా మెరుస్తున్నాయి. అన్నేళ్ళు వెతికినవి, ఎవరో పిలిచి కూర్చోబెట్టినట్టుగా వరుసగా కూర్చుని ఉన్నాయి.

మా కళ్ళ ముందే ఒక తేనెటీగ పెట్టెలోంచి బయటికొచ్చి పందిరి వైపు పోతోంది. గద్దీగ తల తిప్పింది. ఈగకు తల అట్లా తిరుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. మరుక్షణం కట్టె మీద లేదు. ఆ తర్వాతి క్షణం మళ్ళీ ఉంది, కాళ్ళ మధ్య తేనెటీగతో. తేనెటీగ ఒకసారి కొట్టుకుని ఆగిపోయింది.

"ఇదేనా మేడం?" పోశం వెనక నిలబడి ఉన్నాడు.

"ఇదే."

"నా ఈగలను తినేది ఇదేనా?"

మేడం ఒక్క మాట అటూ ఇటూ చెప్తే చాలు. ఇది ఎప్పుడో ఒకటి తింటుంది, నీ ఈగలకు వేరే ఏదో రోగం వచ్చిందంటే పోశం నమ్మేవాడే. ఆమె మీద ఆయనకు అంత గురి. పంపు లోపల పెట్టేవాడు.

"ఇదే తింటది. అబద్ధం చెప్ప తమ్మీ. దీనికి నీ తేనెటీగలంటె పానం," అన్నారు మేడం. "వీటి పిల్లలు మట్టిల ఉండి నీ చెట్ల వేరుపురుగులను తింటయ్, గది గూడ నిజమే. గని గది నీకు కనవడది. నీకు కనవడేది గిదే."

పోశం ముఖం గట్టిపడింది. పంపు వైపు చూశాడు. "గట్లయితే ఇగ చూసేదేమున్నది మేడం?"

"ఒక్క పూట చూడనియ్యి. పొద్దుమీకినంక గదా నువ్వు కొట్టేది. గప్పటిదాక నన్ను కూసోనియ్యి."

ఆయన సరేనని తలూపి గట్టు మీదికి పోయి కూర్చున్నాడు. మేడం ఎండలోనే చతికిలబడ్డారు. నన్ను రెండో వైపు కూర్చోబెట్టారు. సరోజన నా తల మీద తువాలు తెచ్చి వేసింది. మేడంకూ ఇవ్వబోతే వద్దన్నారు. తేనెటీగలు పోతున్నాయి, వస్తున్నాయి. కొన్ని వస్తున్నాయి, కొన్ని రావడం లేదు. గద్దీగ తినడం అయ్యాక గుల్లను వదిలేస్తుంది. అది గాలికి తేలుతూ కట్టె మొదట్లో పడుతుంది. నేను ఎండకు సొమ్మసిల్లే దశకు వచ్చేసరికి మేడం లేచి, ప్రతి కట్టె మొదలూ వంగి చూసుకుంటూ చుట్టూ తిరిగారు. తర్వాత పందిరి కింద చూశారు. పెట్టెల ముందు చూశారు. గడ్డిలోకి పోయి చూశారు. అక్కడ ఎక్కడా గుల్లలు లేవు. కట్టెల మొదట్లో మాత్రం ఊక పోసినట్టు ఉన్నాయి.

"తమ్మీ, గీ కట్టెలు ఎవలు పాతిన్రు?"

"నేనే మేడం. మేకలు వచ్చి పెట్టెలను గుద్దుతున్నయని."

"ఎన్నడు పాతినవ్?"

"బోనాలప్పుడు."

"ఈగలు పోవుడు ఎన్నటిసంది షురువైంది?"

పోశం వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బీరకాయల గంప పక్కన కూర్చున్న సరోజనకు ముందు అర్థమైంది. ఆమె ఫక్కుమని నవ్వింది.

"అయ్యో నీ తెలివి సల్లగుండ! నువ్వే కుర్చీలేసి కూసోబెట్టినవ్ గదయ్యా! పెట్టెల ముందట! పొద్దంతా నీ ఈగలు వాటి నోటి ముందటికెల్లి పోతున్నయ్!"

పోశం ముందు ఉడుక్కున్నాడు. తర్వాత నవ్వక తప్పలేదు. "మరి మేకలో?" అన్నాడు.

కట్టెలు పీకించారు మేడం. పీకి పారెయ్యనివ్వలేదు. గోదావరి దిక్కున ఉన్న అవతలి గట్టు మీద, పెట్టెలకు దూరంగా, మళ్ళీ వరుసగా పాతించారు. "వీటికి గూడ కూసునేందుకు ఏదన్న ఉండాలె. లేకుంటె మల్ల నీ పందిరి మీదికే వస్తయి," అన్నారు. మేకలకు అడ్డం చీరలు కట్టమన్నారు. మా వైపు పందులు రాకుండా చేనుకు పాత చీరలు కట్టడం మామూలే. గుంజలు పొట్టిగా పాతి వాటి తలల మీదుగా చీర కప్పి కడితే, గాలికి ఊగే గుడ్డ మీద గద్దీగ నిలబడలేదని ఆమె అంచనా. సరోజన ఇంట్లోంచి తెచ్చిన చీరలు ఒక వైపుకే సరిపోయాయి.

"నా చీరలన్ని మేకలకే కట్టినంక నేనేం కట్టుకోను మేడం?" అంది.

మేడం దానికీ జవాబు చూశారు. మరుసటి వారం స్టాఫ్ రూములో ఆడవాళ్ళందరి దగ్గరా పాత చీరలు అడిగి పెద్ద మూట కట్టి బస్సులో తీసుకుపోయారు. ఎందుకని ఎవరికీ చెప్పలేదు. ఏ అనాథాశ్రమానికో అనుకుని మేం కాస్త మంచివే ఇచ్చాం. తర్వాత నేను పోయి చూస్తే, నా పెళ్ళి విందునాటి మెంతిరంగు చీర తేనె పెట్టెల ముందు జరీ మెరిపిస్తూ రెపరెపలాడుతోంది. ఒక మేక దాని అంచు నములుతోంది.

ఆ కొత్త గట్టు మీది కట్టెల దగ్గరే ఆమెకు మగది దొరికింది. ఆ పూట నేను పక్కనే ఉన్నాను. గొడుగులోంచి వల తీసి, ఒక్క విసురులో పట్టి, సీసాలో వేసి మూత బిగించారు. సరోజన చూసి ముఖం మాడ్చుకుంది.

"చంపుతరా మేడం? పాపం గదా?"

"పాపమే. గందుకే ఒక్కటే," అన్నారు. సీసాను ఎత్తి, లోపలున్న దానితో, "మాఫ్ చెయ్యి బిడ్డా," అన్నారు. ఏ పురుగును చంపినా ఆ మాట అనేవారు. అలవాటుగా అనేవారు కాదు. అన్నాక ఆ పూటకు వల మడిచి గొడుగులో పెట్టేసేవారు.

తేనెటీగలు మెల్లగా కోలుకున్నాయి. అసలే పోవడం లేదని కాదు. "ఒకటో రెండో పోతనే ఉంటయి, పోనియ్యున్రి, అవి గూడ బతకాలె గదా," అన్నాడు పోశం, కాలేజీకి తేనె సీసా తెచ్చిన రోజున. వీసా మనిషికి ఫోన్ చేసి వద్దని చెప్పేశాడట. ఆ మాట ఆయన చెప్పలేదు. వెంట వచ్చిన సరోజన నా చెవిలో చెప్పింది, చేతిలో ఇంకో సీసా పెడుతూ.

మగదాన్నీ ఆడదాన్నీ కలిపి, దూదిలో పొదిగి, హైదరాబాదులో ఈగల మీద పనిచేసే తన పాత సహాధ్యాయికి పంపారు మేడం. కబురు రావడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా మా పుకారు పెద్దదైంది. కొత్త జాతి అని, మేడం పేరు పెడుతున్నారని, పేపర్లో వస్తుందని. ప్రిన్సిపాల్ సారు శాలువా కొనిపెట్టారు. పిల్లలు ఫ్లెక్సీకి డిజైన్ కూడా చేసుకున్నారు. అందులో ఒక వైపు మేడం, ఒక వైపు ఈగ. రెండూ ఒకే సైజు.

ఫోన్ వచ్చినప్పుడు అందరం స్టాఫ్ రూములోనే ఉన్నాం. ఆమె కిటికీ దగ్గర నిలబడి మాట్లాడారు.

"ఆఁ... ఆఁ... గట్లనా? ఎప్పుడో పెట్టిన్రా? ఇంకెక్కడ దొరికింది? గంతేనా? మంచిది... చాలా మంచిది."

ఫోన్ పెట్టేసి మా ముఖాలు చూశారు. "కొత్తది కాదట. ఎన్నడో పేరు పెట్టిన్రట. గని దాన్ని చూసినోళ్ళే తక్కువనట. ఇటు దిక్కున ఉన్నదని ఎవలకు తెల్వదట," అన్నారు. గొడుగు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.

అన్నేళ్ళ వెతుకులాట. కామర్స్ సారు శాలువా కవరును మెల్లగా బల్ల కిందికి జరిపాడు. ఇంటికి పోయి ఏడుస్తారేమో, వెంట వెళ్ళమని అందరూ నా వైపు చూశారు. నేను గేటు దాకా పోయేసరికి ఆమె ఎదురొస్తున్నారు. చేతిలో వేడి జిలేబీల పొట్లం, నూనె కారుతూ.

"ఏంది మేడం ఇది?" అన్నాను.

"అందర్ని పిలువు. నోరు తీపి చెయ్యాలె. నా పిల్లకు ఇంటిపేరు దొరికింది!"

నేను ఆమె ముఖంలోకి పరీక్షగా చూశాను. మమ్మల్ని ఊరడించడానికి నవ్వుతున్న నవ్వు కాదు. "గిన్ని ఏండ్లు ఇది ఒక్కతే అనుకున్న తెలుగూ," అన్నారు పొట్లం విప్పుతూ. "ఎక్కడనో దీని చుట్టాలున్నరట." శాలువా కప్పుతామంటే కప్పించుకున్నారు. ఫ్లెక్సీ కూడా కట్టారు. పిల్లలు 'ఈగను కనుగొన్న' అని రాసిన చోట 'ఈగ ఇల్లు కనుగొన్న' అని ఆమే దిద్దించారు.

రిటైరయ్యాక ఆమె బొగ్గుబావుల ఊళ్ళోనే, తమ్ముడి కుటుంబం పక్కన చిన్న ఇల్లు తీసుకుని ఉన్నారు. నేను కరీంనగర్‌కు బదిలీ అయ్యాక కూడా వీలైనప్పుడల్లా వెళ్ళేదాన్ని. ఆఖరుసారి వెళ్ళినప్పుడు కంటికి ఆపరేషన్ అయ్యి, ముఖం సగం కప్పేసే నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. డాక్టరు కొన్నాళ్ళు ఎండలోకి పోవద్దన్నాడట. మరదలు కాపలా కాస్తోంది. గొడుగు దాచిపెట్టింది కూడా.

"మీరు జర చూస్కుంట ఉండున్రి," అంది ఆ అమ్మాయి నాతో. "నేను వంటింట్లకు పోంగనే వదినె వాకిట్లకు జారుకుంటది."

ఆమె పోగానే మేడం నా వైపు వంగారు. "తెలుగూ, గా మునగచెట్టు కింది ఎండుకొమ్మ మీద ఏమన్న ఉన్నదా? పొద్దటిసంది చూస్తున్న, అంతా మసక మసక. జర పోయి చెప్పు."

చెప్పులేసుకుని పోయాను. ఉంది. మంథని పిల్ల కాదు, ఇంకేదో బూడిదరంగుది. చూసి చెప్పాను.

"మీసం ఎట్లున్నది?"

"పసుపుపచ్చగా."

"పొట్ట?"

"సన్నగా. చివర మొనతేలి ఉంది."

"ఆడది. ఏం చేస్తుంది?"

"ఏం చేయడం లేదు మేడం. ఊరకే కూర్చుంది."

"గదే దాని పని. కూసోనియ్యి. నువ్వు గూడ కూసో."

మోకాళ్ళ మీద కూర్చున్నాను. వీపు మీద ఎండ పడుతోంది. ఇన్నేళ్ళూ ఆమె చూపిస్తే చూశాను తప్ప, నా అంతట నేను ఎప్పుడూ చూడలేదు. దాని రెక్కలు ఒకదాని మీద ఒకటి కత్తెరలా మడిచి ఉన్నాయి. ముందుకాళ్ళతో మీసాలు దువ్వుకుంటోంది. మునగపూల మీద ఏవో చిన్న ఈగలు ముసురుతున్నాయి. ఒకటి కిందికి దిగింది. తల తిప్పింది గద్దీగ. ఆ చిన్న ఈగ మరీ దూరం పోయింది. తల మళ్ళీ ముందుకు వచ్చింది. ఇంకొకటి దిగింది.

"ఏమైంది తెలుగూ?" వరండాలోంచి మేడం గొంతు.

నేను బదులివ్వలేదు. ఇస్తే కదలాలి.

ఇంట్లో గిన్నెల చప్పుడైంది. మరదలు గడప దగ్గరికి వచ్చి, "అక్కా, అన్నం తిందురు రాండ్రి," అని కేక వేయబోతుంటే, మేడం మెత్తగా అనడం నాకు వినబడింది.

"ఇప్పుడే పిలువకే. చూడనియ్యి."